పరాయి కోర్టులో ఏ షాట్ వేయాలి, ఏది మానుకోవాలి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పరాయి కోర్టుకు వెళ్లి ఓడి వచ్చిన జట్టు నోట ఎక్కువగా వినిపించే మాట "ఈ రోజు మా షాట్లు పడలేదు" అన్నది. ఆ మాటలో అబద్ధం లేదు కాని, అందులో కారణం కూడా లేదు. ఫౌల్ జరిగినందుకు దొరికే ఫ్రీ త్రో వేసే ఆటగాడి సంగతే చూడండి. అతన్ని ఎవరూ అడ్డుకోరు, గీత నుంచి బోర్డుకు ఉన్న 15 అడుగుల దూరం ఏ ఊళ్లోనూ మారదు, వేల మంది అరుపులూ ఊపే చేతులూ అతని ఒక్కడి మీదికే వస్తాయి. జనం హోరు నేరుగా చేతినే చెడగొట్టేదైతే అన్నిటికంటే ముందు చెడవలసినది ఆ షాటే. అయినా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ గణాంకాలను ఏళ్ల తరబడి పరిశీలించినవారు సొంత కోర్టులోనూ పరాయి కోర్టులోనూ జట్ల ఫ్రీ త్రో శాతం దాదాపు ఒకే తీరుగా ఉంటుందని గమనించారు. కాబట్టి పరాయి కోర్టులో షూటింగ్ పడిపోతే తప్పును మణికట్టులో వెతకడానికి ముందు, షాట్‌కు మునుపటి పది పన్నెండు సెకన్లలో వెతకాలి. పిలుపు వినబడక ఒకరు స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడడం) పెట్టడంలో ఆలస్యం చేస్తారు, పాస్ అర సెకను వెనకబడుతుంది, షూటర్‌కు దొరకవలసిన ఖాళీ మూసుకుపోతుంది, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉన్న గడువు) చివరికి వచ్చేస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు తనది కాని షాట్ వేయవలసి వస్తుంది.

ఆ పది పన్నెండు సెకన్లను ఎలా కాపాడుకోవాలన్నదే ఇక్కడ చెప్పబోయే విషయం. నియమాల ప్రస్తావన వచ్చినచోట ప్రధానంగా పురుషుల ఆటను దృష్టిలో పెట్టుకున్నాను. మహిళల ఆటలో ముఖ్యమైన తేడా ఉన్నచోట దానిని విడిగా చెప్పాను.

ముందు కొలత సరిగ్గా ఉండాలి

వేసిన షాట్లలో ఎన్ని పడ్డాయన్న పాత శాతంతో షాట్ ఎంపికను అంచనా వేయకూడదు. ఒక ఆటగాడు 12 షాట్లు వేసి 6 పడవేశాడు, అన్నీ రెండు పాయింట్లవే. ఇంకొకడు 12 వేసి 5 పడవేశాడు, వాటిలో 3 త్రీలు, అంటే మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసినవి. పాత లెక్కలో మొదటివాడు 50 శాతంతో ముందుంటాడు. కాని పడిన షాట్ల సంఖ్యకు పడిన త్రీలలో సగాన్ని కలిపి మొత్తం షాట్లతో భాగిస్తే మొదటివాడు 50 దగ్గరే ఆగిపోతాడు, రెండోవాడు 54 దాటుతాడు. దీనినే ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం అంటారు. బాస్కెట్‌బాల్ గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ మ్యాచ్ ఫలితాన్ని నిర్ణయించే నాలుగు అంశాలుగా పేర్కొన్న వాటిలో మొదటిది ఇదే. మిగిలిన మూడు టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం), ఆఫెన్సివ్ రీబౌండ్లు (తప్పిన మన షాట్‌ను మనమే తిరిగి అందుకోవడం), ఫ్రీ త్రోలు. ఫ్రీ త్రోలను కూడా కలుపుకొని చూడాలంటే ట్రూ షూటింగ్ శాతం ఉంది. కాలేజీ ఆటలో దానిని కట్టాలంటే వేసిన ఫ్రీ త్రోల సంఖ్యను 0.475తో గుణించి షాట్ల సంఖ్యకు కలపాలి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేయాలి, చేసిన పాయింట్లను దానితో భాగించాలి. పైన చెప్పిన రెండో ఆటగాడు 5 ఫ్రీ త్రోలలో 4 వేశాడనుకుంటే అతని పాయింట్లు 17, భాజకం 28.75, ఫలితం 59 శాతం. ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే బెంచీ మీదే కట్టగల లెక్క ఇది.

ఇదే లెక్కను ముందుకు తీసుకుపోతే షాట్ల విలువ తెలుస్తుంది. కాలేజీ ఆటలో అత్యున్నత స్థాయి అయిన డివిజన్ వన్ పురుషుల ఆటలో త్రీలు దేశం మొత్తం మీద 34 శాతానికి అటూ ఇటూ పడుతున్నాయి, అంటే ఒక్కో త్రీకి సుమారు 1.02 పాయింట్లు. రిమ్ (బుట్ట ఇనుప వలయం) దగ్గర 60 శాతం వేసే ఆటగాడికి అక్కడి ప్రతి షాట్ 1.20 తెచ్చిపెడుతుంది. డ్రిబుల్ చేసి ఆగి 16 అడుగుల నుంచి వేసే షాట్‌ను 38 శాతం వేసేవాడికి అది 0.76 మాత్రమే. రెండు ఫ్రీ త్రోలు 72 శాతం వేసేవాడికి 1.44 ఇస్తాయి. బోనస్‌లో, అంటే ఎదుటి జట్టు ఫౌళ్లు ఒక సంఖ్యకు చేరాక, మొదటిది పడితేనే రెండోది దొరికే పరిస్థితిలో కూడా అదే ఆటగాడికి 1.24 దాకా వస్తుంది. బంతి పోగొట్టుకుంటే సున్నా. ఈ అంకెలు మీ జట్టువి కావు కాబట్టి మీ ఆటగాళ్ల సొంత అంకెలతో ఇదే పట్టికను వేసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒక్క రాత్రి ఫలితంతో షాట్ మంచిచెడ్డలను తేల్చకూడదు. 34 శాతం వేసే జట్టు 20 త్రీలు వేస్తే సగటున 7 పడతాయి, కాని కేవలం అదృష్టం వల్ల ఒక రోజు 4, ఇంకో రోజు 10 పడడం మామూలే. ఆ రెండు రోజుల మధ్య తేడా 18 పాయింట్లు. రెండు రోజులూ జట్టు ఒకే రకమైన షాట్లు వేసి ఉండవచ్చు. ఎన్ని పడతాయన్నది ఆ రాత్రికి మన చేతిలో లేదు. ఎలాంటివి వేశామన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చే మ్యాచ్ 1985 ఏప్రిల్ 1న కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో జరిగిన, కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ వారి టోర్నమెంట్ ఫైనల్. అది తటస్థ వేదిక అయినా, ఎదుటి జట్టు ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో దానికంటే బాగా చూపించే మ్యాచ్ అరుదు. ప్యాట్రిక్ యూయింగ్ ఉన్న జార్జ్‌టౌన్ అప్పటికి వరుసగా రెండో టైటిల్ కోసం ఆడుతోంది. రోలీ మాసిమినో శిక్షణలోని విలనోవా 28 షాట్లే వేసి 22 పడవేసింది, 27 ఫ్రీ త్రోలలోనూ 22 వేసి 66-64తో గెలిచింది. జార్జ్‌టౌన్ 53 షాట్లు వేసింది. ఆ టోర్నమెంట్‌లో షాట్ క్లాక్ లేదు కాబట్టి అంత ఓపిక ఈ రోజు సాధ్యం కాదన్నది నిజమే. అయినా రెండో హాఫ్ మొత్తంలో పది షాట్లే వేసిన జట్టు, ఆ పదిలో తొమ్మిది పడవేసిందంటే, నచ్చని షాట్లను ఎన్నిసార్లు కాదనుకుని ఉంటుందో ఊహించండి.

బయలుదేరే ముందు వారంలో

ప్రతి ఆటగాడికీ తన షాట్ల జాబితా ముందే తెలిసి ఉండాలి. సీజన్ మొదటి నుంచీ అతడు వేసిన షాట్లను మూడు తరగతులుగా విడదీయండి. ఎప్పుడు దొరికినా, ఎంత హోరులోనైనా, వెనకాడకుండా వేయవలసినవి మొదటి తరగతి. షాట్ క్లాక్‌లో పది సెకన్ల కంటే తక్కువ మిగిలినప్పుడే వేయవలసినవి రెండో తరగతి. క్లాక్ మూడు సెకన్లకు దిగితే తప్ప వేయకూడనివి మూడో తరగతి. ఒకరికి మొదటి తరగతి అయినది మరొకరికి మూడో తరగతి కావచ్చు. మూల నుంచి అందుకుని వెంటనే వేసే త్రీ షూటింగ్ గార్డుకు రోజువారీ పని, బుట్ట దగ్గర ఆడే సెంటర్‌కు చివరి గత్యంతరం. ఈ జాబితాను కోచ్ ఒక్కడే తయారుచేసి చేతికివ్వడం కంటే, ఆటగాడితో కూర్చుని అతని సొంత వీడియోల మీద తయారుచేయడం మేలు. పరాయి జిమ్‌లో, ఎదుటి జట్టు వరుసగా ఎనిమిది పాయింట్లు చేసిన తరువాత ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, నిర్ణయం మంగళవారం సాయంత్రమే జరిగిపోయి ఉండాలి.

బంతి విషయాన్ని చాలామంది పట్టించుకోరు. కాలేజీ ఆట రెగ్యులర్ సీజన్‌లో బంతిని ఇచ్చేది ఆతిథ్య జట్టు. నైకీ, విల్సన్, అడిడాస్ వంటి కంపెనీల బంతులు కొలతలో ఒకటే అయినా తోలు పట్టు, గాడుల లోతు, కొత్తదనం వేరుగా ఉంటాయి. ఎదుటి జట్టు ఏ కంపెనీ బంతి వాడుతుందో తెలుసుకుని, బయలుదేరే ముందు కనీసం మూడు ప్రాక్టీసుల్లో షూటింగ్, పాసింగ్ రెండూ దానితోనే చేయించండి. డ్రిబుల్ చేతికి అలవాటు పడితే షాట్ దానంతట అదే సర్దుకుంటుంది.

అంతకంటే ముఖ్యమైనది మాట లేకుండా ఆడడం. కాన్సాస్ విశ్వవిద్యాలయం వారి అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో 2017 ఫిబ్రవరి 13న జనం చేసిన శబ్దం 130.4 డెసిబెల్స్ అని గిన్నిస్ వారు నమోదు చేశారు. పదహారు వేలకు పైగా జనం పట్టే ఆ భవనంలో పక్కన నిలబడినవాడి మాట కూడా వినబడదు. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ మెమోరియల్ జిమ్నాజియం ఇంకో రకం పరీక్ష పెడుతుంది. అక్కడ జట్ల బెంచీలు పక్క గీత వెంట కాకుండా బుట్టల వెనుక, కోర్టు రెండు చివరల ఉంటాయి, అందువల్ల ఆట అవతలి చివరన జరుగుతున్నప్పుడు కోచ్ ఎంత అరిచినా ఉపయోగం ఉండదు. ఇటువంటి చోట్లకు వెళ్లే జట్టు ప్రతి సెట్‌కూ (ముందే సాధన చేసిన దాడి పథకానికి) చేతి సైగను ముందే నిర్ణయించుకోవాలి. ఆటను నడిపే పాయింట్ గార్డు సైగ చేసిన తరువాత మిగిలిన నలుగురూ అదే సైగను తిరిగి చూపితేనే ఆట మొదలుపెట్టే పద్ధతి అలవాటు చేయాలి. చివరి రెండు ప్రాక్టీసుల్లో స్పీకర్లతో జనం హోరును గట్టిగా పెట్టి, కోచ్‌లు నోరు విప్పకుండా, ఐదుగురిని ఐదుగురితో ఆడించండి. సెట్ల సంఖ్యను కూడా తగ్గించుకోవాలి. ఇంట్లో ఇరవై సెట్లు నడిపే జట్టు బయటికి వెళ్లేటప్పుడు తనకు కళ్లు మూసుకున్నా వచ్చే ఏడెనిమిదింటిని మాత్రమే వెంట తీసుకుపోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల మీద ఆట నేర్చుకుని అమెరికాలో చదువుకునేందుకు వెళ్లినవారికి ఒక అనుకూల విషయం ఉంది. పురుషుల కాలేజీ ఆట 2019-20 సీజన్ నుంచి, మహిళల ఆట 2021-22 నుంచి త్రీ గీతను అంతర్జాతీయ సమాఖ్య ఫిబా దూరానికే, అంటే 6.75 మీటర్లకే జరిపింది, కాబట్టి గీత దూరాన్ని కొత్తగా నేర్చుకోనక్కరలేదు. మారేది షాట్ క్లాక్. మనకు అలవాటైన 24 సెకన్ల బదులు అక్కడ 30 ఉంటాయి. ఆ అదనపు ఆరు సెకన్లు పరాయి కోర్టులో ఎంత విలువైనవో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఈ గీతల విషయంలోనే ఎన్‌బీఏ చూసి నేర్చుకున్నవారు ఒక పొరపాటు చేస్తారు. అక్కడ మూల త్రీ 22 అడుగులు, నడిమి త్రీ 23 అడుగుల 9 అంగుళాలు కాబట్టి మూల నుంచి వేయడంలో దూరపు లాభం ఉంది. కాలేజీలో ఆ తేడా సుమారు ఆరు అంగుళాలే. ఇక్కడ మూల త్రీ మంచి షాట్ కావడానికి కారణం, అది సాధారణంగా పెయింట్‌లోకి, అంటే బుట్ట ముందున్న రంగు పూసిన భాగంలోకి, వెళ్లిన బంతి బయటికి రావడం వల్ల, కాళ్లు సర్దుకుని ఉన్న షూటర్‌కు దొరకడం. అటువంటి పాస్ లేకుండా డ్రిబుల్ చేస్తూ మూలకు చేరి వేసే త్రీలో ఆ లాభమేమీ మిగలదు, పైగా ఆటగాడు రెండు గీతల మధ్య ఇరుక్కుపోతాడు.

జిమ్‌ను కళ్లకు అలవాటు చేసుకోవడం

మ్యాచ్ రోజు ఉదయం ఆ కోర్టులో దొరికే షూటరౌండ్ సాధనను సెట్ల నడకతో పూర్తిగా నింపేయకండి. రెండు బుట్టల దగ్గరా షాట్లు వేయాలి, ఎందుకంటే హాఫ్ మారితే బుట్ట మారుతుంది. విద్యార్థుల గ్యాలరీ ఏ బుట్ట వెనుక ఉందో, ఏ హాఫ్‌లో మనం దాని వైపు షూట్ చేయాలో అప్పుడే గుర్తుపెట్టుకోవాలి. రిమ్‌కు మూడడుగుల దూరంలో మొదలుపెట్టి ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ గీత వరకు వెళ్లడం కళ్లకు మంచిది. సిరక్యూస్ జట్టు ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టిన గుమ్మటం కింద. ముప్పై వేలకు మించిన జనం వచ్చిన రోజులున్న ఆ ప్రాంగణంలో బుట్ట వెనుక గోడ దగ్గరగా కాక ఎంతో లోతైన ఖాళీ కనిపిస్తుంది. ఇటువంటి చోట రిమ్ ముందు అంచు మీద కాని వెనుక అంచు మీద కాని, ఆటగాడికి అలవాటైన ఒక్క బిందువు మీదే చూపు నిలపడం షూటరౌండ్‌లోనే సాధన చేయాలి.

ఎత్తు ప్రదేశాల సంగతి వేరు. వ్యోమింగ్ జట్టు ఆడే లారమీ సముద్రమట్టానికి 7,220 అడుగుల ఎత్తున ఉంది. న్యూ మెక్సికో జట్టు ఆడే ద పిట్‌లో కోర్టు నేలమట్టానికి 37 అడుగుల లోతున ఉన్నా, ఆ ఊరు ఆల్బుకర్కీ మాత్రం 5 వేల అడుగులకు పైన ఉంది. అక్కడ చెడేది ఊపిరి, దాని వెంట కాళ్లు. రెండో హాఫ్‌లో త్రీలు వరుసగా రిమ్ ముందు అంచుకు తగులుతుంటే అది చేతి తప్పు కాదు, కాళ్ల అలసట. అప్పుడు షూటర్‌కు "ఇంకా పైకి వెయ్యి" అని చెప్పి ప్రయోజనం లేదు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి, తిరిగి పంపినప్పుడు మొదటి షాట్‌ను రిమ్ దగ్గర దొరికేలా ఆడించాలి. ఇటువంటి ఊళ్లకు వెళ్లేటప్పుడు ఎనిమిది మందికి బదులు పది మందిని తిప్పడానికి కోచ్ ముందే సిద్ధపడాలి.

2024లో యూసీఎల్ఏ, యూఎస్‌సీ, ఆరెగన్, వాషింగ్టన్ జట్లు బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల కూటమిలో) చేరిన తరువాత ఒకే కాన్ఫరెన్స్‌లో మూడు గంటల సమయ భేదాన్ని దాటి ఆడడం మామూలైపోయింది. పడమటి తీరం నుంచి తూర్పుకు వెళ్లిన జట్టుకు స్థానిక సమయం ఉదయం తొమ్మిదికి షూటరౌండ్ పెడితే ఆటగాళ్ల శరీరానికి అది ఉదయం ఆరు. వీలైతే దానిని మధ్యాహ్నానికి జరపండి.

మొదటి నాలుగు నిమిషాలు

టీవీలో వచ్చే పురుషుల మ్యాచ్‌లలో ప్రతి హాఫ్‌లోనూ 16, 12, 8, 4 నిమిషాల గుర్తులు దాటిన తరువాత ఆట మొదటిసారి ఆగినప్పుడు మీడియా టైమ్‌అవుట్ వస్తుంది. కాబట్టి హాఫ్‌ను నాలుగేసి నిమిషాల ముక్కలుగా చూడడం సహజం. మొదటి ముక్కలో మన పని ఆధిక్యం సంపాదించడం కాదు, జనానికి లేచి నిలబడే అవకాశం ఇవ్వకపోవడం. మొదటి మూడు నాలుగు పొసెషన్లకు (బంతి మన చేతిలో ఉండే ఒక్కో విడతకు) షాట్లను రాసి పెట్టుకోండి, అవన్నీ మొదటి తరగతివే అయి ఉండాలి, కనీసం రెండు పెయింట్‌లో ముగియాలి. జట్టులోని ముఖ్య షూటర్‌కు తొలి షాట్ లేఅప్‌గానో (బుట్ట పక్క నుంచి వేసే తేలిక షాట్) ఫ్రీ త్రోగానో దొరికితే మిగతా ఆటలో అతడు తొందరపడడు. దీనికి పట్టికల ఆధారమేదీ చూపలేను, ఇది నా అభిప్రాయం. అయినా దీనిని పాటించడం వల్ల జరిగే నష్టం లేదు.

ఎదుటి జట్టు విజృంభించినప్పుడు

పరాయి కోర్టులో షాట్ ఎంపిక నిజంగా పరీక్షకు నిలిచేది ఇక్కడే. ఆతిథ్య జట్టు వరుసగా రెండు బుట్టలు వేసి, మూడోది బంతి దొంగిలించి డంక్‌గా ముగిస్తుంది. భవనం ఊగిపోతుంది. ఆ హోరును ఒక్క దెబ్బతో ఆపాలన్న కోరిక మంచి ఆటగాళ్లకే ఎక్కువగా పుడుతుంది. కోర్టు దాటి ఐదు సెకన్లు కాకముందే, ఎదురుగా చేయి ఉన్నా, మన ఉత్తమ షూటర్ త్రీ వేస్తాడు. అది పడితే అందరూ మెచ్చుకుంటారు. పడకపోతే మిగిలిన నలుగురూ ఇంకా బుట్ట వైపు చేరనే లేదు కాబట్టి రీబౌండ్ రాదు, దూరం నుంచి తప్పిన షాట్ దూరంగా ఎగురుతుంది, అక్కడి నుంచి ఎదుటివాళ్లకు మళ్లీ ఫాస్ట్ బ్రేక్ (మన డిఫెన్స్ కుదురుకోకముందే దూసుకొచ్చే దాడి) దొరుకుతుంది. ఒక్క చెడు షాట్ ధర ఒక పొసెషన్ మాత్రమే కాదు, దాని వెనుక ఎదుటివాళ్లకు దొరికే తేలికైన బుట్ట కూడా.

దీనికి నేను సూచించే నియమం ఒక్కటే. ఎదుటి జట్టు వరుసగా ఆరు పాయింట్లు చేసిన వెంటనే, తరువాతి రెండు పొసెషన్లలో బంతి ఒక్కసారైనా పెయింట్‌లోకి వెళ్లకుండా షాట్ వేయకూడదు. పాస్‌తో వెళ్లినా సరే, డ్రైవ్‌తో వెళ్లినా సరే. ఎవరూ కాపలా లేని లేఅప్ ఒక్కటే దీనికి మినహాయింపు. బంతి లోపలికి వెళితే డిఫెన్స్ లోపలికి ముడుచుకుంటుంది, బయటికి వచ్చిన పాస్‌కు షూటర్ దగ్గర ఖాళీ ఉంటుంది, ఆ లోపు మన మిగిలిన వాళ్లు తమ స్థానాలకు చేరతారు, ఒకరిద్దరు వెనక్కి తగ్గి ఫాస్ట్ బ్రేక్‌కు కాపలాగా నిలుస్తారు. ఫౌల్ పడితే ఆట ఆగుతుంది, హోరు తగ్గుతుంది.

అయితే ఈ నియమాన్ని ఎక్కువగా పట్టుకుని ఇంకో తప్పులోకి జారేవారున్నారు. లోపలి నుంచి బయటికి వచ్చిన పాస్‌ను ఖాళీగా అందుకున్న షూటర్, ఇంతకు ముందు రెండు తప్పాయన్న భయంతో వేయకుండా ఆగి ఒక డ్రిబుల్ వేస్తాడు. డిఫెండర్ చేరుకుంటాడు. జట్టు కష్టపడి సంపాదించిన 1.02 పాయింట్ల షాట్ 0.76 పాయింట్ల షాట్‌గా మారిపోతుంది. మొదటి తరగతి షాట్‌ను వదులుకోవడం కూడా చెడు ఎంపికే, కోచ్ దానిని మూడో తరగతి షాట్ వేసినంత గట్టిగానే ఎత్తిచూపాలి. తప్పిన షాట్ కోసం ఆటగాడిని బెంచీకి పిలవకండి. వదులుకున్న షాట్ కోసం పిలవండి.

ఇక ఆధిక్యంలో ఉన్నప్పటి సంగతి. 1974 జనవరి 19న వరుసగా 88 విజయాలతో, నోటర్ డేమ్ సొంత ఊరైన సౌత్ బెండ్‌కు వెళ్లిన, జాన్ వుడెన్ శిక్షణలోని యూసీఎల్ఏ, నోటర్ డేమ్ మీద మూడున్నర నిమిషాల లోపు సమయం మిగిలి ఉండగా 70-59తో ముందుంది. ఆ తరువాత యూసీఎల్ఏకు ఒక్క పాయింట్ రాలేదు, నోటర్ డేమ్ వరుసగా 12 చేసింది. 29 సెకన్లు ఉండగా నోటర్ డేమ్ ఆటగాడు డ్వైట్ క్లే మూల నుంచి వేసిన షాట్‌తో 71-70. ఆ రోజు యూసీఎల్ఏ సెంటర్ బిల్ వాల్టన్ 14 షాట్లు వేసి 12 పడవేశాడని గుర్తుంచుకోండి. అంతటి సామర్థ్యం లోపల ఉన్నా చివరి నిమిషాల్లో అది స్కోరుబోర్డు మీదికి చేరలేదు. నలభై మూడేళ్ల తరువాత, పైన చెప్పిన ఆ 130.4 డెసిబెల్స్ రాత్రే, వెస్ట్ వర్జీనియా జట్టు కాన్సాస్ మీద మూడు నిమిషాల లోపు ఉండగా 14 పాయింట్ల ఆధిక్యంతో ఉంది. కాన్సాస్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 84-80తో గెలిచింది.

ఆ చివరి మూడు నిమిషాలకు ఒక లెక్క ఉంది. ఎదుటి జట్టు తొందరగా ఎనిమిది సెకన్లకే షాట్ వేస్తుందనుకుందాం. మనమూ ఎనిమిది సెకన్లకే వేస్తే మూడు నిమిషాల్లో ఇరు జట్లకూ చెరి పదకొండు అవకాశాలు వస్తాయి. మనం 25 సెకన్లు వాడుకుంటే అవి ఐదారుకు తగ్గుతాయి. 14 పాయింట్లు ఐదారు అవకాశాల్లో పూడ్చడం దాదాపు అసాధ్యం, పదకొండింటిలో సాధ్యమే. కాని క్లాక్‌ను వాడుకోవడమంటే ఇరవై సెకన్లు మధ్య గీత దగ్గర బంతిని కొట్టుకుంటూ నిలబడి, చివరి ఐదు సెకన్లలో దొరికింది వేయడం కాదు. అలా చేస్తే మన అంతట మనమే మూడో తరగతి షాట్లను ఎంచుకున్నట్టు. షాట్ క్లాక్ 14 దగ్గర ఉన్నప్పుడు అసలు సెట్ మొదలుకావాలి. అప్పుడు మొదటి ప్రయత్నం కుదరకపోయినా రెండో ప్రయత్నానికి సమయం మిగులుతుంది. ఈ వేళలో బంతి ఫ్రీ త్రోలు బాగా వేసే ఇద్దరి చేతుల్లోనే ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే ఎదుటివాళ్లు ఫౌల్ చేయడానికే వస్తారు.

ఈల కోసం షాట్ వేయకూడదు

ఆతిథ్య జట్లకు రిఫరీల నిర్ణయాలు కొంత అనుకూలంగా పడతాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. దాని మీద కోపం తెచ్చుకోవడం వల్ల ఒక్క పాయింటూ రాదు. చేయవలసింది, ఈల మోగకపోయినా పడగల షాట్లనే ఎంచుకోవడం. సొంత కోర్టులో డిఫెండర్ మీదికి వాలి, ఫౌల్ వస్తుందన్న ధీమాతో బంతిని విసిరే ఆటగాడు పరాయి కోర్టులో ఆ అలవాటును ఇంట్లోనే వదిలి రావాలి. పెయింట్‌లో రెండు కాళ్ల మీద ఆగి, శరీరం అదుపులోకి వచ్చాక, బోర్డు సాయంతో ముగించడం నేర్పండి. అలా ఆగినవాడు ఎదురుగా నిలబడిన డిఫెండర్‌ను ఢీకొట్టి చార్జ్ ఫౌల్ చేయడు, మూలలో ఖాళీగా ఉన్న స్నేహితుడిని చూడగలుగుతాడు కూడా. పురుషుల ఆటలో 2023-24 నుంచి, ఎగిరే ఆటగాడు కాలు ఊనే సమయానికే డిఫెండర్ సరైన స్థానంలో ఉండాలన్న మార్పు డ్రైవ్ చేసేవారికి కొంత మేలు చేసింది కాని, దాని మీద ఆధారపడి ఆడడం మంచిది కాదు.

ఎదుటి జట్టు ఫౌళ్ల లెక్కను బెంచీ మీద ఒకరు చూస్తూ ఉండాలి. పురుషుల ఆటలో హాఫ్‌లో ఏడో ఫౌల్‌తో బోనస్, పదోదానితో రెండు ఫ్రీ త్రోలు వస్తాయి. మహిళల ఆటలో క్వార్టర్‌లో ఐదో ఫౌల్ నుంచే రెండు వస్తాయి. ఆరో ఫౌల్ పడిన తరువాత లోపలి షాట్ల విలువ ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి అప్పటి నుంచి సెట్లను పెయింట్ వైపు తిప్పాలి.

ఫ్రీ త్రో గీత దగ్గర చేయవలసింది కొద్దే. టెంపేలోని అరిజోనా స్టేట్ విద్యార్థులు 2013 నుంచి బుట్ట వెనుక తెర కట్టి, షాట్ వేసే క్షణానికి దానిని తీసి వింత వేషాలు చూపిస్తారు. 2016లో ఈత వీరుడు మైకేల్ ఫెల్ప్స్ కూడా ఆ తెర వెనుక నుంచి వచ్చాడు. అటువంటి చోట రిఫరీ బంతి ఇచ్చేదాకా బుట్ట వైపు చూడకుండా నేల మీద గీతనే చూస్తూ నిలబడి, బంతి అందిన తరువాత తన అలవాటు ప్రకారం రెండో మూడో డ్రిబుళ్లు వేసి, ఒక ఊపిరి వదిలి, రిమ్ మీద తన బిందువును చూసి వేయాలి. పది సెకన్ల సమయం ఉంటుంది, అందులో సగం కూడా అవసరం పడదు.

హాఫ్ చివరలో

హాఫ్ ముగియడానికి నలభై సెకన్లకు కొంచెం పైగా ఉండగా బంతి మన చేతికి వస్తే, ముప్పై ఐదు సెకన్లకు పైన ఉండగానే షాట్ వేసి, ఎదుటివాళ్లు తమ ముప్పై సెకన్లూ వాడుకున్నా, చివరి షాట్‌ను కూడా మనమే తెచ్చుకోవచ్చన్న లెక్క అందరికీ తెలిసిందే. మొదటి షాట్ మొదటి తరగతిది దొరికితేనే అది లాభం. చేయి అడ్డుగా ఉన్న త్రీని తొందరగా వేసి సంపాదించే రెండో షాట్‌కు కూడా ఐదారు సెకన్లే మిగులుతాయి కాబట్టి రెండు చెడు షాట్లు కలిసి ఒక మంచి షాట్‌కు సాటి రావు. పరాయి కోర్టులో హాఫ్ చివరి షాట్‌ను ఐదు సెకన్లు ఉండగా వేయండి. తప్పితే మనవాడు రీబౌండ్‌ను తిరిగి వేయడానికి ఆ సమయం సరిపోతుంది, ఎదుటివాళ్లు కోర్టు దాటి వేయడానికి చాలదు.

తిరుగు ప్రయాణంలో

వీడియో చూసేటప్పుడు బంతి చేతి నుంచి విడిచిన క్షణంలో ఆపండి. అది పడిందో లేదో చూడకముందే ఆ షాట్ ఏ తరగతిదో, షాట్ క్లాక్ ఎంత ఉందో, ఎదురుగా చేయి ఉందో లేదో, బంతి పెయింట్‌లోకి వెళ్లి వచ్చిందో లేదో రాయండి. ఫలితం తెలిసిన తరువాత రాస్తే పడినవన్నీ మంచి షాట్లుగా, తప్పినవన్నీ చెడు షాట్లుగా కనిపిస్తాయి, ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. అన్ని షాట్లకూ రాసిన తరువాత తరగతుల వారీగా కూడండి. మొదటి తరగతివి అరవైలో నలభై ఉండి జట్టు ఓడిపోయి ఉంటే తరువాతి మ్యాచ్‌కు మార్చవలసింది షూటింగ్ కాదు, బహుశా రీబౌండింగో డిఫెన్సో. మూడో తరగతివి పదిహేను దాటితే ఒక్కో దానికి ముందు పన్నెండు సెకన్లు వెనక్కి తిప్పి చూడండి. ఆలస్యం ఎక్కడ మొదలైందో, సైగ అందలేదా, స్క్రీన్ కదిలిందా, పాస్ ఇవ్వవలసినవాడు ఇంకో డ్రిబుల్ వేశాడా అన్నది అక్కడే కనిపిస్తుంది. దానిని ఆటగాడి పేరుతో కాకుండా సెట్ పేరుతో రాసి పెట్టుకుని, తరువాతి ప్రయాణానికి ముందు స్పీకర్ల హోరులో చేసే ప్రాక్టీసులో మొదట ఆ సెట్‌నే నడిపించండి.